గని మూతపడ్డాక నీటిని కాచేదెవరు?

అమెరికాలోని పెన్సిల్వేనియా రాష్ట్రంలో, లాట్రోబ్ పట్టణం దగ్గర, బెనెడిక్టీన్ సన్యాసులు 1846లో స్థాపించిన సెయింట్ విన్సెంట్ మఠం ఉంది. ఆ చుట్టుపక్కలంతా ఒకప్పుడు బొగ్గు గనులే. తవ్వినవారు వెళ్లిపోయారు. పాడుబడిన గనుల నీరు మాత్రం నారింజ రంగులో మఠం వాగులో కలుస్తూనే వచ్చింది.

బొగ్గు పొరల్లో గంధకం, ఇనుము కలిసిన పైరైట్ అనే ఖనిజం ఉంటుంది. గాలి, నీరు తగిలితే అందులోంచి ఆమ్లం పుడుతుంది, ఇనుము నీటిలో కరుగుతుంది. ఆ ఇనుమే బయటికొచ్చి తుప్పుగా వాగు అడుగున పేరుకుంటుంది. అక్కడ చేపలు బతకలేవు.

1990ల చివర్లో మఠం భూమిలోనే కృత్రిమ చిత్తడి నేలలు ఏర్పాటు చేశారు. లోతులేని మడుగుల్లో నీటిని నిదానంగా నడిపిస్తే, గాలి తగిలిన ఇనుము తుప్పై అడుక్కి దిగుతుంది. జమ్ము మొక్కలు ప్రవాహ వేగం తగ్గించి దాన్ని పట్టి ఉంచుతాయి. ఆమ్లం ఎక్కువున్న చోట్ల నీటిని ముందుగా సున్నపురాళ్ల మీదుగా పంపుతారు. కరెంటు, రసాయనాల ఖర్చు తక్కువ.

అయితే ఇది అన్నిచోట్లా సరిపోదు. ఇంగ్లండులోని వీల్ జేన్ తగరపు గని 1991లో మూతపడింది. మరుసటి జనవరిలోనే కలుషిత నీరు పొంగి నదిలో పడింది. అక్కడ చిత్తడి నేలల్ని ప్రయోగించి చూసినా, చివరకు సున్నంతో శుద్ధి చేసే ప్లాంటు కట్టవలసి వచ్చింది. చిత్తడి నేలలు పనిచేసే చోట కూడా విశాలమైన భూమి కావాలి, పేరుకున్న బురదను తోడాలి, దశాబ్దాలు కనిపెట్టి ఉండాలి. మఠం ఆ ఊరు విడిచిపోలేదు గనుక అది సాధ్యమైంది.

మన సంఘాల్లో సింగరేణి కుటుంబాలు ఎన్నో ఉన్నాయి. అక్కడి నీరు కూడా పెన్సిల్వేనియా నీటిలాంటిదే అని మేము అనడం లేదు. బొగ్గును బట్టి, రాతిని బట్టి నీరు మారుతుంది. పరీక్షిస్తేనే తెలుస్తుంది. మన దేశంలో బొగ్గు గనులకు మూసివేత ప్రణాళిక, అందుకోసం ఎస్క్రో ఖాతాలో సొమ్ము జమచేయాలన్న మార్గదర్శకాలు 2009 నుంచి ఉన్నాయి. ఆ ప్రణాళికలో నీటికి కేటాయించింది ఎంత? గని మూతపడ్డాక ఎన్నేళ్లు పరీక్షిస్తారు? ఫలితాలు గ్రామసభ ముందు పెడతారా?

ఏదెను తోటను సాగు చేయడంతో పాటు కాయడం కూడా దేవుడు మనిషికి అప్పగించాడని మనం బోధిస్తాం. కాబట్టి గని నడుస్తున్నప్పుడే, బాధ్యులు ఎదురుగా ఉన్నప్పుడే, సంఘ పెద్దలు ఈ ప్రశ్నలు అడగాలని మా మనవి.