ఆకుపచ్చ టోపీలు పెడితే ఐరిష్ పెళ్ళి అయిపోతుందా?

మా అక్క కూతురు గాల్వేలో ఉద్యోగం చేస్తోంది. అక్కడి అబ్బాయినే చేసుకుంటానంది. రెండు వైపులా ఒప్పుకున్నారు, పెళ్ళి కూడా అక్కడే. "మన పద్ధతులతో పాటు వాళ్ళవీ ఉండాలి" అంది అక్క. అంతవరకూ బాగానే ఉంది. డెకరేషన్ వాళ్ళు పంపిన ప్లాను ఫ్యామిలీ గ్రూపులో చూడగానే నాకు ఒళ్ళు మండింది. వచ్చినవాళ్ళందరికీ ఆకుపచ్చ టోపీలు, ఎర్రగడ్డం మరుగుజ్జు బొమ్మలు, ప్లాస్టిక్ షామ్‌రాక్ ఆకుల తోరణాలు!

ఒక్కమాట అడుగుతాను. వాళ్ళు మన కోసమని మండపం ముందు పాములవాణ్ణి కూర్చోబెట్టి "ఇదిగో మీ సంప్రదాయం" అంటే మనకెలా ఉంటుంది?

"సరదాకే కదే, ప్రతిదానికీ నీ లెక్చరొకటి" అంది అక్క. పెళ్ళికొడుకు స్నేహితులు వాళ్ళంతట వాళ్ళు ఆ టోపీలు పెట్టుకుని గెంతితే నేనూ నవ్వుతాను. మనం తీసుకెళ్ళి వాళ్ళ నెత్తిన పెట్టడం వేరు.

అసలు ఇంత ప్లానులో పెళ్ళికొడుకు తల్లిని ఒక్కరూ అడగలేదు. నేనే వీడియో కాల్ చేసి అడిగాను. ఆవిడ లోపలికెళ్ళి ఒక లేసు రుమాలు తెచ్చి చూపించింది. పెళ్ళికూతురు ఆ రుమాలు చేతిలో పట్టుకుంటుందట. తర్వాత దాన్నే నాలుగు కుట్లు వేసి మొదటి బిడ్డ బాప్టిజానికి బుల్లి టోపీ చేస్తారు. ఆ బిడ్డ పెళ్ళినాటికి కుట్లు విప్పితే మళ్ళీ రుమాలు! కోడలికి ఇద్దామని తీసిపెట్టి, మన ప్లాను చూసి, నచ్చుతుందో లేదోనని ఊరుకుందట. మగపెళ్ళివారై ఉండీ ఇంత మొహమాటం! నాకు సిగ్గేసింది.

ఇంకా ఎన్ని చెప్పిందో. క్లాడా ఉంగరం గాల్వే పక్కన ఉండే జాలరిపల్లెదే, దాని పేరే ఉంగరానికి వచ్చింది. రెండు చేతులు స్నేహం, మధ్యలో హృదయం ప్రేమ, పైన కిరీటం విధేయత. పెళ్ళయినవాళ్ళు ఎడమచేతికి, హృదయం కొస తమ వైపు ఉండేలా పెట్టుకుంటారు. వధూవరుల చేతులు కలిపి తాడు కట్టే ఆచారం ఉంది. మన కొంగుముడి లాంటిదే అనిపించలేదూ? పెళ్ళిలో మోగించిన గంటను ఇంట్లో ఉంచుకుని, దెబ్బలాట వచ్చినప్పుడు మోగిస్తే కోపాలు తగ్గుతాయంటారు. వాన రాకూడదని ముందురోజు రాత్రి బాల యేసు బొమ్మను తోటలో పెడతారు. పచ్చి బియ్యం తింటే పెళ్ళిలో వాన పడుతుందని మనల్ని తిట్టిన అమ్మమ్మలు గుర్తొచ్చారు నాకు.

ఇవన్నీ ఒకే పెళ్ళిలో కుక్కమని కాదు నేననేది. ఎగ్జిబిషన్ అవుతుంది. వాళ్ళింట్లో నిజంగా ఉన్నవి ఒకటో రెండో చాలు. వాళ్ళ చేతే చేయించండి, ఎందుకు చేస్తున్నారో వచ్చినవాళ్ళకి రెండు ముక్కల్లో చెప్పించండి. మన జీలకర్రబెల్లాన్ని ఎవరైనా ఫోటో కోసం రెండు నిమిషాల్లో కానిచ్చేస్తే మనం ఊరుకుంటామా? వాళ్ళ మనసూ అంతే.

అక్క రెండు రోజులు నాతో మాట్లాడలేదు. మూడో రోజు ఫోన్ చేసి, "టోపీలు వద్దన్నాను. ఆ రుమాలు సంగతి నేనే అడుగుతాను, వియ్యపురాలి నంబరు పంపు" అంది.

పెళ్ళి కుదిరి నాలుగు నెలలైంది. వియ్యపురాలి నంబరు మా అక్క దగ్గర అప్పటిదాకా లేదు!