మాయ మీద పెట్టుబడి ఎవరు పెట్టాలి?

పరిశోధన అనగానే మన విద్యార్థి లోకానికి రాకెట్టు గుర్తుకొస్తుంది. కాకుంటే కంప్యూటరు. ఆ రెంటినీ నేను కాదనను. కాని భూస్వామి కొడుకైనా, పాలేరు బిడ్డయినా, మనలో ప్రతి ఒక్కరమూ తొమ్మిది నెలలు ఆధారపడి బతికిన అవయవం ఒకటున్నది. మనం పుట్టిన కొద్దిసేపటికే దాన్ని పారేసినారు. అదే మాయ. కొందరు మావి అంటారు. మన పాఠ్యపుస్తకంలో జరాయువు అని వుంటుంది. పరీక్షలో దాని బొమ్మ గీసి, భాగాలు గుర్తించి, మార్కులు తెచ్చుకొని మరిచిపోతాము. ఈ మాయను గురించిన పరిశోధనకు ప్రజల సొమ్ము ఖర్చు పెట్టాలి, అదీ ఢిల్లీ, హైదరాబాదుల్లోనే గాక మన నల్లగొండ, సూర్యాపేట జిల్లాల్లో కూడా పెట్టాలి అన్నదే నా వాదన.

మా నిడమనూరు వైపు ఇంట్లో బర్రె ఈనిందంటే మాయ పడేదాకా రైతుకు నిద్ర వుండదు. దూడ లేచి నిలబడ్డదా అని అడిగిన నోటితోనే మాయ పడ్డదా అని అడుగుతారు. పడకుంటే పశువుల డాక్టరు కోసం పరుగు. మనుషుల కాన్పులోనూ మాయ పూర్తిగా వచ్చిందా లేదా అని చూస్తారు. చూడకుంటే తల్లి ప్రాణానికే ముప్పు. కాని అక్కడితో దాని కథ ముగుస్తుంది. పూర్వం పెరట్లో గుంట తీసి పాతిపెట్టేవారు. ఇప్పుడు ఆస్పత్రుల్లో పసుపుపచ్చ సంచిలో వేస్తున్నారు. 2016 నాటి జీవవైద్య వ్యర్థాల నిబంధనల ప్రకారం అది కాల్చివేయవలసిన, లేదా లోతుగా పాతిపెట్టవలసిన వ్యర్థం. తొమ్మిది నెలల గర్భం ఎట్లా గడిచిందో చెప్పగల సాక్ష్యాన్ని మనం చదవకుండానే కాల్చేస్తున్నాము.

అసలు మాయ చేసే పని ఏమిటి? ఫలదీకరణ జరిగిన ఆరేడు దినాలకు పిండం గర్భసంచి గోడకు అంటుకుంటుంది. పిండం పై పొరలోని కణాలు ఆ గోడలోకి చొచ్చుకొని పోతాయి. అక్కడి తల్లి రక్తనాళాలను వెడల్పు చేసి, సన్నని కాలువను పెద్ద కాలువగా మారుస్తాయి. ఈ పని చాలావరకు గర్భం సగానికి రాకముందే, అంటే ఇరవయ్యో వారంలోపలనే జరగాలి. నెలలు నిండేసరికి మాయ సుమారు జానెడు వెడల్పు, అరకిలో బరువు వుంటుంది. తల్లి రక్తమూ బిడ్డ రక్తమూ ఒకదానిలో ఒకటి కలవవు. మధ్యన పలుచని పొర ఒకటి వుంటుంది. ఆ పొర గుండానే బిడ్డకు ప్రాణవాయువు, ఆహారం అందుతాయి. బిడ్డ వదిలిన మలినాలు తిరిగి తల్లి రక్తంలోకి పోతాయి. కడుపులో వున్నన్ని దినాలు బిడ్డకు అదే ఊపిరితిత్తి, అదే పేగు, అదే మూత్రపిండం.

రైతు బిడ్డలకు ఇంకొక తీరుగా చెప్తే సులువుగా అర్థమవుతుంది. నాటు వేసినంక మొదటి పది దినాల్లో వేరు పట్టుకోవాలి. అప్పుడు వేరు పట్టని పైరుకు తరువాత ఎన్ని బస్తాల యూరియా చల్లినా ఏం లాభం? మాయ సంగతీ అంతే. మొదటి నెలల్లో తల్లి రక్తనాళాలు సరిగా వెడల్పు కాకపోతే ఆ లోపం వెంటనే బయటపడదు. ఐదో నెల దాటినాక రక్తపోటు రూపంలో, కాళ్ళ వాపు రూపంలో, బిడ్డ ఎదగకపోవడం రూపంలో బయటపడుతుంది. ముదిరితే ఫిట్సు వస్తాయి. మన పెద్దలు గుర్రపువాతం అని భయపడిన జబ్బు యిదే. అంటే రోగం కనబడేది ఏడో నెలలో, దాని విత్తనం పడేది మూడో నెలలో. ఆ మూడో నెలలో లోపల ఏం జరుగుతున్నదో చూడడానికి తగిన సాధనాలు వైద్యుల చేతిలో యింకా చాలినన్ని లేవు.

మా వదిన కాన్పు ఎనిమిదో నెలలోనే చేయవలసి వచ్చింది. బీపీ పెరిగింది, బిడ్డ బరువు రెండు కిలోలు కూడా లేదు. "ఎందుకిట్లా అయింది సార్?" అని మా అన్న అడిగితే డాక్టరుగారు "కొందరికట్లా అవుతదయ్యా" అన్నాడు. ఆయన అబద్ధం చెప్పలేదు, నిర్లక్ష్యమూ చేయలేదు. తల్లీబిడ్డా బతికి బయటపడ్డది ఆయన చేతి చలువతోనే. కాని "కొందరికి" అంటే ఎవరికి, ఎందుకు అన్న ప్రశ్నకు జవాబు ఒక డాక్టరు దగ్గర దొరికేది కాదు. అది పరిశోధనాలయాల నుంచి రావాలి.

ఇక్కడ ఒక ఆక్షేపణ వస్తుంది. ముందు ఆస్పత్రిలో మంచాలు, డాక్టర్లు, అంబులెన్సులు కావాలి గాని పరిశోధన ఎందుకు అని. ఈ మాటలో నిజం లేకపోలేదు. 2018–20 లెక్కల ప్రకారం దేశంలో లక్ష కాన్పులకు 97 మంది తల్లులు చనిపోతుంటే తెలంగాణలో ఆ సంఖ్య 43. కాన్పులు ఇంటి నుంచి ఆస్పత్రికి మారడం దీనికి పెద్ద కారణం. ఆ ఖర్చులో పైసా కూడా తగ్గించమని నేననను. కాని ఆస్పత్రి చేయగలిగింది రోగం బయటపడ్డాకనే. 2019–21 కుటుంబ ఆరోగ్య సర్వేలో మన రాష్ట్రపు గర్భిణుల్లో సగానికి పైగా రక్తహీనత గలవారే. దేశంలో పుట్టిన బిడ్డల్లో నూటికి 18 మంది రెండున్నర కిలోల కన్న తక్కువ బరువుతో పుట్టినారు. ఇవి మంచాలు పెంచితే మాత్రమే తీరే లెక్కలు కావు.

పరిశోధన ఫలితం ఎంత చవకగా వుంటుందో చూడండి. ఐరోపా దేశాల్లోనూ ఇజ్రాయెల్‌లోనూ కలిపి 13 ఆస్పత్రుల్లో జరిపిన ఒక పరీక్ష ఫలితాలను 2017లో ప్రకటించినారు. ప్రమాదం ఎక్కువగా వున్న గర్భిణులకు మూడో నెల చివర నుంచి రోజూ 150 మిల్లీగ్రాముల ఆస్పిరిన్ ఇచ్చినారు. నెలలు నిండకముందే వచ్చే ఆ రక్తపోటు జబ్బు సగం కన్న ఎక్కువగా తగ్గింది. ఆస్పిరిన్ ధర మనకు తెలియనిది కాదు. అయితే ఆ ప్రమాదం ఎవరికున్నదో ముందుగా కనిపెట్టడానికి మాయ విడుదల చేసే ఒక పదార్థాన్ని తల్లి రక్తంలో కొలిచినారు. ఆ కొలత మా పల్లె ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో దొరికేది కాదు. గోళీ చవక, గోళీ ఎవరికి వేయాలన్న జ్ఞానం ఖరీదు. ఆ జ్ఞానాన్ని చవక చేయడమే మన శాస్త్రజ్ఞుల పని కావాలి.

ఇది మనకు కొత్త దారి కూడా కాదు. 1928 నుంచి 1933 వరకు చాలా కాలం లూసీ విల్స్ అనే ఇంగ్లీషు వైద్యురాలు బొంబాయిలో వుండి, బట్టల మిల్లుల్లో పనిచేసే గర్భిణుల రక్తహీనతను పరిశోధించింది. ఆమెను ఆ పనిలో పెట్టినది ఇండియన్ రిసెర్చి ఫండ్ అసోసియేషన్. అదే 1949లో భారత వైద్య పరిశోధనా మండలి అయింది. ఈస్టు సారంలో ఈ జబ్బును నయం చేసే గుణమేదో వున్నదని 1931లో ఆమె లోకానికి చాటింది. ఆ పదార్థం ఫోలిక్ ఆమ్లం. 1945లో అమెరికాలోని లెడర్లీ ప్రయోగశాలలో దాన్ని కృత్రిమంగా తయారుచేసిన బృందానికి పెద్ద మన భీమవరం బిడ్డ యల్లాప్రగడ సుబ్బారావు. నేడు ఆశా కార్యకర్త గర్భిణి చేతిలో పెట్టే ఐరన్ గోళీలో ఫోలిక్ ఆమ్లం కూడా వున్నది. పేద కూలి స్త్రీల రక్తం మీద ఒకనాడు పెట్టిన పెట్టుబడి ఈనాటికీ పంట పండుతూనే వున్నది.

మన జిల్లాకూ ఇట్లాంటి చరిత్ర వున్నది. నల్లగొండ ఫ్లోరోసిస్ మీద 1955లోనే బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో వ్యాసం వచ్చింది. 1973లో హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ శాస్త్రజ్ఞులు కృష్ణమాచారి, కృష్ణస్వామి గార్లు ఫ్లోరైడు ప్రాంతాల్లో మోకాళ్ళు వంకర పోవడం గురించి లాన్సెట్‌లో రాసినారు. పటిక, సున్నంతో నీళ్ళలోని ఫ్లోరైడును తీసే విధానానికి "నల్లగొండ పద్ధతి" అన్న పేరు ప్రపంచమంతటా నిలిచింది. మన ఎముకల మీద ఇంత పరిశోధన జరిగింది. ఫ్లోరైడు మాయను దాటి బిడ్డ దాకా పోతుందన్నది కూడా తెలిసిన విషయమే. అయితే ఏండ్ల తరబడి ఆ నీళ్ళు తాగిన తల్లుల మాయ ఎట్లా ఏర్పడింది? నల్లా నీళ్ళు వచ్చినాక తేడా ఏమైనా కనిపిస్తున్నదా? ఇది మన జిల్లా అడగవలసిన ప్రశ్న. ఇంకొకరు మన కోసం అడగరు.

రెండో ప్రశ్న ఎండ. 1967లో సాగర్ కాలువల్లోకి నీళ్ళు వదిలినాక మా ప్రాంతం వరి ప్రాంతమయింది. నాట్లు వేసేది ఆడవాళ్ళే. నడుము వంచి బురదలో, వీపు మీద ఎండ. కాలువ లేని ఊళ్ళల్లో పత్తి ఏరడం, ఎండాకాలంలో మట్టి పని. నెలలు నిండుతున్నా పనికి పోయేవాళ్ళు వున్నారు. పోకుంటే పూట గడవదు. ఆఫ్రికాలోని గాంబియా దేశంలో 92 మంది గర్భిణీ రైతు స్త్రీలను పొలం దగ్గరనే పరీక్షించి, వేడి పెరిగినకొద్దీ కడుపులోని బిడ్డ మీద ఒత్తిడి పెరుగుతున్నదని 2022లో ప్రకటించినారు. గాంబియాకు సాధ్యమైనది మిర్యాలగూడకు ఎందుకు సాధ్యం కాదు? మూడో ప్రశ్న పురుగుమందు. పొలం మీద కొట్టే మందుల్లో కొన్నింటి ఆనవాళ్ళు పుట్టిన బిడ్డ బొడ్డుతాడు రక్తంలో దొరికినట్లు అనేక దేశాల్లో తేలింది. మన దగ్గర కొట్టే మందులు, మన మోతాదులు, మన అలవాట్లు వేరు.

మరి ఈ ఖర్చు ఎవరు భరించాలి? మందుల కంపెనీలు ముందుకు రావు. 1961లో థాలిడోమైడ్ మందు ఎందరో బిడ్డలను కాళ్ళూ చేతులూ లేకుండా చేసిందని బయటపడినప్పటి నుంచి గర్భిణుల మీద మందులు పరీక్షించడానికి కంపెనీలు జంకుతాయి. పైగా జీవితాంతం మింగవలసిన షుగరు గోళీలో వున్న లాభం కొన్ని నెలలు వేసుకొనే గోళీలో వుండదు. పరదేశపు సొమ్ము వస్తుంది. పూనా దగ్గరి పల్లెల్లో 1993లో మొదలైన గర్భిణుల అధ్యయనానికి ఇంగ్లండులోని వెల్‌కమ్ ట్రస్టు డబ్బిచ్చింది. అది గొప్ప పని, వారికి కృతజ్ఞతలు. కాని పెట్టుబడి ఎవరిదో ప్రశ్నను ఎంచుకొనే అధికారం కూడా వారిదే. కౌలుకు యిచ్చినవాడు ఏ పంట వేయాలో చెప్పినట్లే.

అమెరికా ప్రభుత్వం 2014లో మానవ జరాయు పథకమని ఒకటి ప్రారంభించి, 2015లో దానికి 4 కోట్ల 60 లక్షల డాలర్లు కేటాయించింది. మన దేశం 2020–21లో అన్ని రకాల పరిశోధనకూ కలిపి ఖర్చు పెట్టినది జాతీయోత్పత్తిలో 0.64 శాతం. 2023లో పార్లమెంటు చట్టం చేసి జాతీయ పరిశోధనా సంస్థను స్థాపించినప్పుడు ఐదేండ్లకు 50,000 కోట్ల రూపాయలన్నారు. అందులో 36,000 కోట్లు ప్రభుత్వం బయటి నుంచి రావాలన్నారు. బయటివాడు లాభం లేనిచోట రూపాయి పెట్టడు గదా! కనుక ప్రభుత్వపు వాటాలోనైనా తల్లీబిడ్డల పరిశోధనకు ఇంత అని రాసిపెట్టాలి.

డబ్బు పెడితే మనవాళ్ళు చేయగలరన్నదానికీ నిదర్శనం వున్నది. కేంద్ర బయోటెక్నాలజీ శాఖ 2015లో హర్యానాలోని గురుగ్రాం ప్రభుత్వ ఆస్పత్రిలో "గర్భిణి" అనే అధ్యయనం ప్రారంభించింది. ఎనిమిది వేలకు పైగా స్త్రీలు అందులో చేరినారు. ఆ వివరాలతోనే గర్భం ఎన్ని వారాలదో స్కానింగులో లెక్కగట్టే భారతీయ సూత్రాన్ని మద్రాసు ఐ.ఐ.టి.వారితో కలిసి 2024లో తయారుచేసినారు. అంతవరకు మనం వాడినవి పాశ్చాత్య స్త్రీల కొలతల మీద కట్టిన సూత్రాలు. అయితే గురుగ్రాం నీళ్ళు వేరు, మన నీళ్ళు వేరు. వాళ్ళు తినే రొట్టె వేరు, మన అన్నం వేరు.

నేను కోరేది పెద్ద భవనమేమీ కాదు. నల్లగొండ, సూర్యాపేటల్లో 2019లో ప్రభుత్వ వైద్య కళాశాలలు వచ్చినవి. అదే ఏడు బీబీనగర్ ఎయిమ్స్‌లో చదువులు మొదలైనవి. ఈ మూడింట ఒక్కొక్క చిన్న విభాగం వుంటే చాలు. తల్లి ఒప్పుకుంటే మాయను తూచి, కొలిచి, చిన్న ముక్క భద్రపరచాలి. ఆమె ఏ ఊరు, ఏ నీళ్ళు తాగింది, ఏ పని చేసింది, బిడ్డ బరువెంత అన్నవి రాయాలి. ఒప్పందం కాగితం ఇంగ్లీషులో వేలిముద్ర కోసం కాకుండా, ఆమెకు అర్థమయ్యే తెలుగులో చదివి వినిపించాలి. కాదంటే ఆమె వైద్యానికి ఏ లోటూ రాకూడదు. చివరికి తేలిన ఫలితం లాన్సెట్‌లోనే గాక గ్రామ పంచాయతీలో కూడా చెప్పాలి. పేద స్త్రీ పరిశోధనకు ముడిసరుకు కాదు, అందులో వాటాదారు.

మిత్రులారా! కళాశాలల్లో హాస్టలు మెస్సు, బస్సు పాసు, స్కాలర్‌షిప్పుల గురించి కొట్లాడుతాము. కొట్లాడవలసిందే. వాటితోబాటు సైన్సు చదివే మనం, మన సైన్సుకు ఎంత డబ్బు వస్తున్నది, అది ఎవరి రోగం మీద ఖర్చవుతున్నది అని కూడా అడగాలి. ఎమ్మెల్యేగారు, ఎంపీగారు మన సభకు వచ్చినప్పుడు దండ వేసి ఊరుకోకుండా ఈ వినతిపత్రం చేతిలో పెట్టాలి. నాట్లకు పోయే కూలి తల్లి కొనే ప్రతి ఉప్పు పొట్లంలో, సబ్బుబిళ్ళలో పన్నున్నా లేకున్నా, ఆమె చెమటలోనే ఈ దేశపు ఖజానా వున్నది. అందులో ఆమె కడుపులోని బిడ్డ కోసం కొంత భాగం అడగడం బిచ్చం కాదు, హక్కు.