దివ్య వద్దంది, ఎవరు విన్నారు?

'మౌనరాగం' చూడనివాళ్ళు మనలో తక్కువే వుంటారు. 1986లో మణిరత్నం తమిళంలో తీసిన సినిమా అది. తెలుగులోకి అదే పేరుతో డబ్బింగ్ అయి వచ్చింది. రేవతి, మోహన్, కార్తీక్ నటించారు. సంగీతం ఇళయరాజా, కెమెరా పి.సి.శ్రీరామ్. ఆ యేడు తమిళంలో ఉత్తమ చిత్రంగా జాతీయ అవార్డు కూడా వచ్చింది.

నేను మొదటిసారి చూసినప్పుడు హైస్కూల్లో వున్నాను. ఆ వయసులో మా ఆడపిల్లలందరికీ కార్తీకే హీరో. హోటల్లో ఆ పిల్ల తండ్రిని అందరి ముందూ 'మిస్టర్ చంద్రమౌళీ' అని పిలుస్తాడే, ఆ సీనుకి పడి పడి నవ్వుకున్నాం. మోహన్ మా కంటికి ఆనలేదు. పాపం, ఆఫీసుకి వెళ్ళి వచ్చే మంచి మొగుణ్ణి ఏ ఆడపిల్ల పట్టించుకుంటుంది చెప్పండి!

ఈమధ్య మళ్ళీ చూశాను. పెళ్ళయి ఇరవైయేళ్ళు దాటాయి కదా, కళ్ళు మారిపోయినట్టున్నాయి. ఈసారి కార్తీక్ కోసం ఎదురుచూడలేదు. పెళ్ళిచూపుల సీను దగ్గరే నా మనసు ఆగిపోయింది.

కథ మీకు తెలిసిందే. దివ్యకి ఆ సాయంత్రం పెళ్ళిచూపులని ఇంట్లో చెబుతారు. ఆమెకి ఇష్టం లేదు. కావాలనే ఆలస్యం చేసి, వానలో తడిసి ముద్దయి, వాళ్ళు ఈపాటికి వెళ్ళిపోయి వుంటారులే అనుకుని ఇంటికొస్తుంది. తీరా చూస్తే మగపెళ్ళివారు అక్కడే కూర్చుని వున్నారు! (మనిళ్ళకి వచ్చేవాళ్ళయితే కాఫీ చల్లారకముందే లేచి, నడవలో చెప్పులు వేసుకుంటూ ఓ మాట అనేసి పోయేవారు. సినిమా కాబట్టి సరిపోయింది.)

తర్వాత అబ్బాయి అమ్మాయితో విడిగా మాట్లాడతానంటాడు. దివ్య మొహమాటం లేకుండా తనలో వున్న అవలక్షణాలన్నీ ఏకరువు పెట్టి, నేను మీకు సరిపోను, నాకు ఈ పెళ్ళి ఇష్టం లేదు అని చెప్పేస్తుంది. అతను అంతా విని, ఈ పిల్ల ముక్కుసూటితనం నచ్చిందంటాడు! హాల్లో అందరం నవ్వే చోటు అది. కానీ ఒక్కసారి ఆలోచించండి. ఆ పిల్ల వద్దంది. అబ్బాయికి అది ఆమె గుణంగా వినబడింది. ఇంట్లోవాళ్ళకి పెంకితనంగా వినబడింది. 'వద్దు' అన్న మాట వద్దుగా మాత్రం ఒక్కరి చెవినా పడలేదు.

ఇప్పుడు మనం గొప్పగా చెప్పుకుంటాం కదా, మా కాలంలోలా కాదండీ, పిల్లల్ని ఓ అరగంట విడిగా మాట్లాడుకోనిస్తున్నాం అని. ఆ అరగంట 1986లో దివ్యకీ ఇచ్చారు. ఏం ఒరిగింది?

ఆ తర్వాత వచ్చేది తండ్రి గుండెపోటు. కూతురు కాదన్నందుకు ఆయన కోపగించుకుంటాడు, గొడవవుతుంది, ఆస్పత్రి పాలవుతాడు. తల్లి వచ్చి బతిమాలుతుంది. ఇక ఆ పిల్లకి నోరేం వుంటుంది? తల వంచుకుని తాళి కట్టించుకుంటుంది. నాకు ఆ తండ్రి మీద కోపం రాలేదు, నిజంగానే జబ్బుపడ్డాడు. కానీ మన బంధువుల్లో చూడండి, ఆడపిల్ల కాదన్న వారంలో ఎంతమంది నాన్నలకి బి.పి. పెరుగుతుందో, ఎంతమంది అమ్మలు అన్నం మానేస్తారో! బలవంతాన ఒప్పించి చేసిన పెళ్ళిని రద్దు చేయమని కోర్టుని అడగొచ్చని మన హిందూ వివాహ చట్టంలోనే వుంది. అయితే నాన్న బి.పి.ని బలవంతం అని ఏ ఆడపిల్ల కాగితం మీద పెడుతుంది?

పెళ్ళయ్యాక కాపురం ఢిల్లీలో. చంద్రకుమార్ మంచివాడు. కొత్త పెళ్ళికూతురికి ఏదైనా కానుక కొనిద్దామని, నీకేం కావాలో చెప్పమంటాడు. ఆమె విడాకులు కావాలంటుంది. ఎందుకో కూడా చెబుతుంది. తను ప్రేమించిన మనోహర్, రిజిస్టరు పెళ్ళి చేసుకోవలసిన రోజునే పోలీసు తూటా తగిలి కళ్ళముందే పోయాడు. జరిగిపోయినదాంతో తనకి పనిలేదంటాడు చంద్రకుమార్. అయినా ఆమె మనసు ఒప్పదు. ఇద్దరూ లాయరు దగ్గరికి వెళతారు. పెళ్ళయి ఏడాది నిండందే కుదరదంటాడు లాయరు. అది సినిమా కోసం పెట్టిన మెలిక కాదు, 1955 నాటి హిందూ వివాహ చట్టంలో 14వ సెక్షన్. మరీ భరించలేని కష్టం వుంటే కోర్టు ముందే అనుమతించవచ్చు. లేదంటే ఏడాది ఆగాల్సిందే. నేటికీ అదే లెక్క.

అసలు సినిమా అంతా ఆ ఏడాదిలోనే వుందని నాకు ఈసారి తెలిసింది. ఒకే ఇంట్లో ఇద్దరు పరాయివాళ్ళు. అతను దగ్గరికి రాడు, విసుక్కోడు, పుట్టింటికి ఉత్తరం రాసి నలుగురిలో పెట్టడు. మొదట్లో ఆమె మాటలకి అతనికి తగిలిన దెబ్బ మనకీ తగులుతుంది. తర్వాత ఆమె మెత్తబడే వేళకి అతను బిగుసుకుపోతాడు. ఆఫీసు గొడవల్లో కొందరు అతన్ని కొట్టి పడేస్తే, భాష తెలియని ఊళ్ళో ఆమె ఒక్కతే ఆస్పత్రికి చేర్చి, సేవ చేసి నిలబెట్టుకుంటుంది. ఒకప్పుడు వద్దన్న పట్టీలు తనంతట తాను కాళ్ళకి పెట్టుకుంటుంది. ఆ పట్టీల చప్పుడు అతనికి ఎందుకు వినబడలేదా అని నాకు భలే కోపం వచ్చింది. మాటలతో చెబితే తప్ప తెలియదు కాబోలు మగవాళ్ళకి. చివర రైలు దగ్గర సంగతి మీకు నేను చెప్పక్కర్లేదు.

ఇక్కడే నాకో సంగతి తోచింది. పెద్దవాళ్ళు ఆ పిల్లకి ఇవ్వని గడువు చట్టం ఇచ్చింది. ఆ ఏడాదే పెళ్ళికి ముందు ఇచ్చి వుంటే? పోయిన మనిషి కోసం ఆమె ఏడవాల్సినంత ఏడ్చి వుండేది. చంద్రకుమార్‌ని నాలుగుసార్లు చూసి, నచ్చితే సరేనని వుండేది. పైగా అతను మంచివాడు కావడం ఆమె అదృష్టం. ఆ అదృష్టాన్ని మణిరత్నం రాసిపెట్టాడు. మన పిల్లలకి ఎవరు రాసిపెడతారు? తాళి కట్టినవాడు కోపిష్టి అయితే అదే ఏడాది ఎంత నరకమో మనకి తెలియనిది కాదు.

2016లో మన తెలుగులో 'పెళ్ళిచూపులు' వచ్చింది, గుర్తుందా? తరుణ్ భాస్కర్ తీశాడు. విజయ్ దేవరకొండ, రీతూ వర్మ వేశారు. దాన్నే 2021లో తమిళంలో 'ఓ మణపెణ్ణే' అని తీశారు. అందులో అమ్మాయీ అబ్బాయీ గదిలో వుండగా తలుపు తెరుచుకోక ఇరుక్కుపోతారు. అప్పుడు గానీ మనసు విప్పి మాట్లాడుకోరు. తమాషా ఏమిటంటే, అబ్బాయివాళ్ళు వచ్చింది తప్పు ఇంటికి! పెద్దవాళ్ళ అజమాయిషీ నుంచి కాసేపు తప్పించడానికి మనవాళ్ళకి తలుపు గడియ కావలసి వచ్చింది.

ఇదంతా ఎందుకు చెబుతున్నానంటే, పోయిన ఏడాది మా ఆడపడుచు కూతురికి సంబంధం వచ్చింది. అబ్బాయి అమెరికా నుంచి మూడు వారాల సెలవు మీద వచ్చాడు. ఈ సెలవులోనే పెళ్ళి చేసేయాలన్నారు. పిల్ల నా దగ్గరకొచ్చి, "అత్తయ్యా, అబ్బాయి బాగానే వున్నాడు. నాకు రెండు నెలలు టైము కావాలి, అంతే" అంది.

ఆ మాటే మా వదినతో అన్నాను.

"రెండు నెలలేమిటే, వాళ్ళ సెలవే మూడు వారాలైతే! మీ అన్నయ్యగారికి అసలే బి.పి." అంది వదిన.

"వదినా, ఎంగేజ్‌మెంటు చీరకి నాలుగు కొట్లు తిరిగి, రెండు తెచ్చుకుని, ఒకటి వాపసు చేశాం కదా మన పెద్దమ్మాయికి" అన్నాను. దానికి ఆవిడ మాట్లాడలేదు.

చివరికి అన్నయ్యగారే వాళ్ళకి ఫోన్ చేసి, పిల్లలు ఓ రెండు నెలలు మాట్లాడుకుంటారు, ఆ తర్వాత ముహూర్తాలు చూద్దాం అన్నారు. వాళ్ళకి అది నచ్చలేదు. అదే సెలవులో వేరే సంబంధం కుదుర్చుకుని పెళ్ళి చేసుకుని వెళ్ళిపోయారు. మా వదిన పదిహేను రోజులు నాతో పొడిపొడిగా మాట్లాడింది. అన్నయ్యగారి బి.పి. మాత్రం పెరగలేదు. పిల్లకి ఇంకా సంబంధాలు చూస్తున్నారు, ఈసారి ముందుగానే గడువు మాట చెబుతున్నారు. కొందరు సరే అంటున్నారు, కొందరు మళ్ళీ ఫోన్ చేయడం లేదు.

మరి మీ సంగతేమిటి? మీ పెళ్ళిచూపుల నాడు మిమ్మల్ని ఎవరైనా ఇష్టమేనా అని అడిగారా? ఆలోచించుకోవడానికి ఎన్నాళ్ళిచ్చారు? ఇప్పుడు మీ అమ్మాయికి మీరెన్నాళ్ళిస్తున్నారు? ఆవకాయ కొలతలు రాసినంత వివరంగా నాకు ఉత్తరం రాయండి. పేరు వద్దంటే వేయం.