నల్లని కొవ్వొత్తి

ఈ సంచికకు మంత్రవిద్యను విషయముగా గైకొన్నప్పుడు, భయము ఒక వర్ణము నెట్లాశ్రయించునో, ఆ వర్ణమే కాలక్రమమున రక్ష యెట్లగునో చూపుటకు నల్లని కొవ్వొత్తికంటె తగిన వస్తువు మాకు గానరాలేదు.

1590లో స్కాట్లండు దేశపు నార్త్ బెరిక్ చర్చియందు మంత్రగత్తెలు రాత్రివేళ గుమిగూడిరనియు, ప్రసంగవేదిక చుట్టును పెద్ద నల్లని కొవ్వొత్తులవంటి దీపములు వెలిగెననియు, అచ్చట సైతాను నిలిచి బోధించెననియు విచారణపత్రములు వచించుచున్నవి. ఈ వాఙ్మూలము నొసగిన ఆగ్నెస్ శాంప్సన్ అను మంత్రసానిని ఆఱవ జేమ్సు రాజు స్వయముగా ప్రశ్నించెను. తలకు త్రాడు బిగించి హింసించిన పిమ్మటగాని యామె నోరు విప్పలేదు. 1591లో ఆమెను గొంతు బిగించి చంపి, దేహమును దహించిరి. చిత్రహింస పలికించిన పలుకును సాక్ష్యమనుటకు మా మన సొప్పదు; అయినను ఆ కొవ్వొత్తులు జనస్మృతిలో నిలిచిపోయినవి.

1942లో అమెరికాయందు హెన్రీ గమాష్ పేర వెలువడిన గ్రంథము కొవ్వొత్తుల రంగురంగునకు వేర్వేఱు ప్రయోజనములను నిర్ణయించెను. బ్రిటనులో 1951లో మంత్రవిద్యా శాసనము రద్దైన పిమ్మట జెరాల్డ్ గార్డ్‌నర్ వ్యాపింపజేసిన విక్కా అను మంత్రవిద్యా మతమార్గమున నడచువారిలో పలువురు, నలుపు కీడును పీల్చుకొనునని నమ్మి, వదలదలచిన వ్యథను కాగితముపై వ్రాసి నల్లని కొవ్వొత్తి జ్వాలలో కాల్తురు. అక్టోబరు 31న సావిన్ పండుగనాడు మృతులను స్మరించుచు ఆ కొవ్వొత్తిని వెలిగింతురు. శత్రునాశమునకై వెలిగించువారును లేకపోలేదు గాని, వారి విధులను ముద్రించుట మాకు సమ్మతము కాదు.