మీ మెట్లు మీరు లెక్కపెట్టుకున్నారా?

సినిమాహాలు దద్దరిల్లేలా ఈల వేసే కుర్రాణ్ణి స్టేజీ మీదికి పిలిచి, "నీ పేరూ ఊరూ చెప్పవోయ్" అనండి. కాళ్లు వణుకుతాయి! చీకట్లో ఉన్న ధైర్యం వెలుతురులో ఏమైపోయిందంటారు? ఎక్కడికీ పోలేదు. నలుగురూ నవ్వుతారేమోనన్న భయం వచ్చి దాని మీద కూర్చుంది. అంతే!

ఈ సంగతి నాకెలా తెలుసంటారా? ఆ కుర్రాణ్ణి నేనే గనక.

మాది వనపర్తి. డిగ్రీ చేతికొచ్చిన కొత్తల్లో, పెన్నూ నోటుబుక్కూ పట్టుకుని హైదరాబాదులో ఓ సినిమా వాళ్లను కలవడానికి వెళ్లాను. గుండె చిక్కబట్టుకుని, "సార్, షూటింగు ఎన్నడు షురూ జేస్తరు?" అని అడిగాను. ఒకాయన ఫక్కున నవ్వి, "అచ్చం మన విలన్ డైలాగులా ఉందే!" అన్నాడు. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను... నవ్వకపోతే బాగుండదని!

ఆ తర్వాత ఏళ్ల తరబడి ప్రశ్నలు కాగితం మీద రాసుకుని, పుస్తకంలో భాషలో అప్పజెప్పేవాణ్ణి. పక్కవాడి చొక్కా తొడుక్కుని పెళ్లికెళ్లినట్టు ఉండేది. ఎక్కడ పిగులుతుందోనన్న దిగులే గాని, విందు రుచి తెలిస్తే ఒట్టు!

అలాంటి రోజుల్లో ఒక పాట వచ్చింది. 2021 సెప్టెంబరులో విడుదలైన 'భీమ్లా నాయక్' టైటిల్ పాట. సంగీతం తమన్. మీరంతా ఈలలు వేసే ఉంటారు. ఆ పాట ఎత్తుకున్నదెవరో గుర్తుందా? దర్శనం మొగులయ్య. నాగర్‌కర్నూలు జిల్లా లింగాల మండలం అవుసలికుంట ఆయనది. చేతిలో పన్నెండు మెట్ల కిన్నెర. వెదురుబొంగు, ఎండిన సొరకాయ బుర్రలు, మెట్లు నిలబడటానికి తేనెమైనం. తాతముత్తాతల నుంచి వచ్చిన విద్య. పండుగ సాయన్న కథ ఊళ్లో ఏ గొంతుతో పాడాడో, పెద్ద హీరో సినిమాకూ అదే గొంతు, అదే యాస. 2022లో పద్మశ్రీ వచ్చింది.

నేను దాచుకున్న యాసనే ఆయన మైకు ముందు పెట్టాడు!

"ఆగండాగండి! 2024లో ఆయనే కూలిపని చేస్తున్న ఫోటో పేపర్లలో చూశాంగా?" అంటారు మీరు. నిజమే. బిరుదు కడుపు నింపదు. కళాకారుడి ఇంట్లో పొయ్యి వెలగకపోతే సిగ్గుపడాల్సింది చప్పట్లు కొట్టి మరిచిపోయిన మనం. కాని ఒక్కమాట. ఇటుకలు మోసినంత మాత్రాన ఆ కిన్నెర మెట్లు పన్నెండల్లా పదకొండయ్యాయా? కాలేదే! చప్పట్లు ఇవాళ వస్తాయి, రేపు పోతాయి. చేతిలో ఉన్న విద్య వాటితోపాటు పోదు.

మరి మన చేతిలో ఏముందో తెలిసేదెలా? దానికి గద్వాల వైపు వెళ్దాం. ఇప్పటి జోగులాంబ గద్వాల జిల్లాలోని ఇటిక్యాలపాడులో 1896లో పుట్టారు సురవరం ప్రతాపరెడ్డిగారు. నిజాం రాజ్యంలో తెలుగు కవులు లేరని ఒకాయన రాసినప్పుడు, ఆయన కోపం తెచ్చుకుని ఊరుకోలేదు. తన 'గోలకొండ' పత్రిక ద్వారా ఊరూరా కవులను వెదికించి, 1934లో 354 మంది కవితలతో 'గోలకొండ కవుల సంచిక' అచ్చువేశారు. వాదన లేదు, తిట్టు లేదు. లెక్క చూపించారు! 1952 ఎన్నికల్లో ఆయన్ను శాసనసభకు పంపింది మా వనపర్తే.

మీరూ ఆ పని చెయ్యండి. ఈ ఆదివారం ఓ తెల్లకాగితం తీసుకుని మీకు వచ్చిన పనులు రాయండి. సైకిల్ పంక్చర్ వేయడం, చెల్లెలికి లెక్కలు చెప్పడం, అమ్మమ్మ కథలు పొల్లుపోకుండా చెప్పడం... చిన్నవని కొట్టెయ్యకండి. "నేను గొప్పవాణ్ణి" అని అద్దంలో చూసుకుని వందసార్లు అనుకుంటే రాని ధైర్యం, "ఇది నాకు వచ్చు" అని ఒక్కసారి రాసుకుంటే వస్తుంది. రానివి పక్కనే రాయండి. అవి నేర్చుకోవాల్సినవే గాని, సిగ్గుపడాల్సినవి కావు.

ఆ పాట వచ్చాక నేను మళ్లీ ఓ షూటింగుకు వెళ్లాను. కాగితం జేబులోనే ఉంచి, మా యాసలోనే అడిగాను. ఒకరిద్దరు నవ్వారు, అబద్ధమెందుకు! కాని వెనకనుంచి ఓ ముసలి లైట్‌మేన్ నా భుజం తట్టాడు.

"ఏ ఊరు బిడ్డా నీది?"

"వనపర్తి, కాకా."

"మాది నాగర్‌కర్నూలు. దా, చాయ్ తాగుదాం."

ఆ చాయ్ దగ్గర దొరికినన్ని సినిమా కబుర్లు నాకు ఏ ఇంటర్వ్యూలోనూ దొరకలేదు!