సేద్యానికి వయసు పైబడుతున్నది: సిఫార్సులు ఎవరి కోసం?

ఖరీఫ్ వరిలో చదరపు మీటరుకు 33 కుదుళ్ళు ఉండాలన్నది విస్తరణ సిబ్బందికి కంఠస్థమైన సిఫార్సు. ఎకరమంటే 4,047 చదరపు మీటర్లు. ఆ లెక్కన ఎకరానికి సుమారు 1.33 లక్షల కుదుళ్ళు నాటాలి. ప్రతి కుదురునూ ఎవరో ఒకరు నడుము వంచి, బురదలోకి వేళ్ళు దింపి నాటవలసిందే. దిగుబడి దృష్ట్యా ఈ సాంద్రతకు గట్టి శాస్త్రీయ ఆధారం ఉన్నది. అయితే ఆ వంగిన నడుము ఎవరిది, ఆ మనిషి వయసెంత అన్న విషయం సిఫార్సుల పుస్తకంలో ఎక్కడా కనిపించదు. ఆ పుస్తకం రూపొందిన కాలంలో ఈ ప్రశ్నకు అవసరం లేకపోయింది. నేడు అవసరం వచ్చింది. దేశ జనాభా వయో నిర్మాణం మారుతున్నది. ఆ మార్పు ముందుగా, తీవ్రంగా తాకుతున్న రంగాలలో సేద్యం ఒకటి.

మారిన వయో నిర్మాణం

1971లో దేశ జనాభాలో పదిహేనేళ్ళలోపు పిల్లలు 40 శాతానికి పైగా ఉండేవారు. 2011 జనగణన నాటికి వారి వాటా సుమారు 31 శాతానికి తగ్గింది. అదే జనగణనలో అరవై ఏళ్ళు, ఆపై వయసు కలవారు 8.6 శాతం, అంటే పది కోట్ల పైచిలుకు. కేంద్ర ప్రభుత్వం నియమించిన సాంకేతిక బృందం అంచనాల ప్రకారం 2036 నాటికి వృద్ధుల వాటా దాదాపు 15 శాతానికి చేరుతుంది. 2011లో సుమారు 25 ఏళ్ళున్న దేశ మధ్యస్థ వయసు అప్పటికి 34 ఏళ్ళు దాటుతుంది.

తెలుగు రాష్ట్రాలు ఈ మార్గంలో దేశ సగటు కంటే ముందున్నాయి. 2019-21 నాటి అయిదవ జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో ఒక స్త్రీకి కలిగే సగటు సంతానం దేశంలో 2.0 కాగా, తెలంగాణలో 1.8, ఆంధ్రప్రదేశ్‌లో 1.7. ఒక తరం స్థానాన్ని తర్వాతి తరం పూర్తిగా భర్తీ చేయడానికి కావలసిన సంఖ్య 2.1. పై అంచనాల ప్రకారమే 2036 నాటికి ఆంధ్రప్రదేశ్‌లో దాదాపు అయిదుగురిలో ఒకరు అరవై దాటినవారై ఉంటారు.

దీనిని విపత్తుగా చిత్రించడం సరికాదు. పసిపిల్లల మరణాలు తగ్గడం, బాలికల చదువు పెరగడం, ఆయుర్దాయం హెచ్చడం అనే మూడు విజయాలు కలిసి ఇచ్చిన ఫలితమిది. పనిచేసే వయసువారు అధికంగా, వారిపై ఆధారపడినవారు తక్కువగా ఉండే ప్రస్తుత దశను ఆర్థికవేత్తలు జనాభా లాభాంశమని వ్యవహరిస్తున్నారు. అయితే ఆ లాభాంశంలో సేద్యానికి దక్కిన వాటా ఎంత అన్నదే ఇక్కడి ప్రశ్న.

ఊరికంటే పొలానికి ముందుగా వార్ధక్యం

జనాభా సగటు వయసు కంటే సేద్యం చేసేవారి వయసు వేగంగా పెరుగుతుంది. పుట్టేవారు తగ్గడానికి తోడు, పుట్టినవారిలో యువకులు ముందుగా పొలం విడిచి వెళ్ళడమే ఇందుకు కారణం. 2001-2011 మధ్య దేశంలో సాగుదారుల సంఖ్య 12.73 కోట్ల నుండి 11.88 కోట్లకు తగ్గింది. అదే కాలంలో వ్యవసాయ కూలీల సంఖ్య 10.68 కోట్ల నుండి 14.43 కోట్లకు పెరిగింది. 2003లో జాతీయ నమూనా సర్వే సంస్థ జరిపిన రైతు స్థితిగతుల సర్వేలో, అవకాశముంటే సేద్యం మానివేస్తామని 40 శాతం రైతులు చెప్పారు. ఆ మాట చెప్పిన తండ్రుల పిల్లలే నేడు హైదరాబాదు, బెంగళూరులలోనో, విదేశాలలోనో స్థిరపడ్డారు. వారిది తప్పనలేము. చదివించిన తల్లిదండ్రులు కోరుకున్నదీ అదే.

ఇందులో స్త్రీల పాత్ర ప్రత్యేకంగా గమనించదగినది. 2023-24 శ్రామిక శక్తి సర్వే ప్రకారం గ్రామీణ మహిళా శ్రామికులలో దాదాపు 77 శాతం వ్యవసాయంపైనే ఆధారపడి ఉన్నారు. 2017-18లో ఈ వాటా 73 శాతం. పురుషుడు బయటి పనికి వెళ్ళగా పొలం భారం ఇంట మిగిలిన స్త్రీపైకి, వృద్ధులపైకి వస్తున్నది. కానీ 2015-16 వ్యవసాయ గణనలో స్త్రీల పేరిట నమోదైన కమతాలు దేశం మొత్తంమీద సుమారు 14 శాతమే. పని చేసేది ఒకరు, రికార్డులో రైతు మరొకరు. సలహా అందేది రికార్డులో ఉన్నవారికి.

మూడు ఆశలు, వాటి పరిమితులు

ఈ విషయం చర్చకు వచ్చినప్పుడు సాధారణంగా మూడు సమాధానాలు వినవస్తాయి.

మొదటిది యంత్రం. వరి కోతలో ఇది చాలవరకు నిజమైంది. కోతయంత్రం రాని వరి పొలం నేడు అరుదు. కానీ పత్తి తీత, మిరప కోత, కూరగాయల సేద్యం ఇప్పటికీ మనిషి వేళ్ళపైనే నడుస్తున్నాయి. సేద్యం నుండి జనం తప్పుకుంటే కమతాలు పెద్దవై యంత్రాలకు అనువవుతాయన్న సిద్ధాంతం కూడా ఇక్కడ ఫలించలేదు. 1970-71లో 2.28 హెక్టార్లున్న సగటు కమతం 2015-16 నాటికి 1.08 హెక్టార్లకు తగ్గింది. వారసులు ఊరు విడిచినా భూమిని విడవలేదు, పంచుకున్నారు. భూమి వారికి ఆదాయమార్గం కాకపోయినా ఆపత్కాలపు భరోసా. కనుక మనుషులు తగ్గినా మడులు పెరగలేదు.

రెండవది వలస కూలీ. పశ్చిమ బెంగాల్, బీహార్ తదితర రాష్ట్రాల నుండి నాట్లకు ముఠాలు రావడం తెలుగు పల్లెల్లో ఇప్పుడు పరిచిత దృశ్యం. ఇది అరువు తెచ్చుకున్న యౌవనం. బీహార్‌లో సైతం సగటు సంతానం నాలుగవ, అయిదవ కుటుంబ ఆరోగ్య సర్వేల మధ్య 3.4 నుండి 3.0కు తగ్గింది. ఆ రాష్ట్రంలోనూ చదువు, పరిశ్రమలు పెరుగుతాయి, పెరగాలి కూడా. ఒక ప్రాంతపు పేదరికం కొనసాగుతుందన్న నమ్మకం మీద మరొక ప్రాంతపు పంటల ప్రణాళిక నిలబడరాదు.

మూడవది జననాల పెంపు. స్థానిక సంస్థల ఎన్నికలలో పోటీకి ఇద్దరు పిల్లల పరిమితిని ఆంధ్రప్రదేశ్ 1994లో విధించింది; 2024 నవంబరులో తొలగించింది. మూడు దశాబ్దాలలో విధానం ఎంత తిరిగి నడిచిందో చెప్పడానికి ఇదొక్కటే చాలు. అయితే సేద్యానికి సంబంధించినంత వరకు లెక్క సులభం. 2045లో ఇరవై ఏళ్ళు నిండేవారంతా 2025 నాటికే పుట్టి ఉండాలి. రేపు జననాలు పెరిగినా, రాబోయే రెండు దశాబ్దాల పొలం పనికి ఉండే మనుషుల గరిష్ఠ సంఖ్య ఈపాటికే నిర్ణయమైపోయింది. పరిశోధన ఆ సంఖ్యను మార్చలేదు. దానికి అనుగుణంగా తాను మారగలదు.

శరీరాన్ని లెక్కలోకి తీసుకోని సిఫార్సు

సస్యశాస్త్ర ప్రయోగాల ఫలితాలలో దిగుబడి, నికరాదాయం, ఆదాయ-వ్యయ నిష్పత్తి తప్పక ఉంటాయి. కూలీ ఖర్చు రూపాయలలో కనబడుతుంది. శరీరంపై పడే భారం కనబడదు. ఒక ఉదాహరణ చాలు. ఎకరానికి 200 లీటర్ల మందు ద్రావణం పిచికారీ చేయాలని సలహా ఇస్తాము. 16 లీటర్ల చేతి స్ప్రేయరుతో అది పన్నెండు పదమూడు ట్యాంకులు. నిండు ట్యాంకు, పరికరం కలిపి ఇరవై కిలోలకు తక్కువ ఉండదు. ముప్పై ఏళ్ళ యువకునికి ఇది ఒక పూట పని. అరవై రెండేళ్ళ రైతుకు రెండు రోజుల పని, మూడవ రోజు నడుము నొప్పి. అందుచేత అతడు ఎకరానికి ఆరేడు ట్యాంకులతో సరిపెట్టి, మందు మోతాదు మాత్రం తగ్గించకుండా చిక్కగా కలుపుతాడు. ద్రావణం పైరంతటికీ సమంగా అందదు. కొన్ని చోట్ల మందు ఎక్కువై పైరు మాడుతుంది, కొన్ని చోట్ల పురుగు మిగిలిపోతుంది. క్షేత్ర సందర్శనలో దీనిని ‘సిఫార్సు పాటించకపోవడం’గా నమోదు చేస్తారు. నిజానికి ఆ సిఫార్సే రైతు వయసును పాటించలేదు.

శ్రీ పద్ధతి వరి సాగు అనుభవం కూడా ఈ కోణం నుండి తిరిగి పరిశీలించదగినది. 2003 తర్వాత ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఎంతో ఉత్సాహంగా ప్రచారమైన ఈ పద్ధతిలో 25 సెంటీమీటర్ల ఎడంతో చదరపు మీటరుకు 16 కుదుళ్ళే నాటుతారు. విత్తనం, నీరు ఆదా అవుతాయి. కానీ లేత నారును జాగ్రత్తగా పీకి వెంటనే నాటే నైపుణ్యం కావాలి. పది రోజులకొకసారి బురదలో కోనోవీడరును నెట్టే సత్తువ కావాలి. రైతులు, ముఖ్యంగా మహిళా కూలీలు, తరచు చెప్పిన అభ్యంతరం ఈ రెండవదే. పద్ధతి ఆశించినంతగా విస్తరించకపోవడానికి పలు కారణాలున్నా, దానిని మోయవలసిన శరీరాలను ముందుగా అంచనా వేయకపోవడం వాటిలో ఒకటి.

నేరుగా విత్తే వరికి ఇప్పుడు లభిస్తున్న ఆదరణ ఇందుకు విలోమ నిదర్శనం. దిగుబడి పెరుగుతుందని కాదు, నాటు తప్పుతుందనే రైతులు దీనివైపు మొగ్గారు. అయితే ఇందులోనూ శ్రమ మాయమైపోదు, పంట కాలంలో మరొక వారానికి జరుగుతుంది. నీరు నిలిచిన మడిలో అణగి ఉండే కలుపు వెద పొలంలో తొలి నెల రోజులలో విజృంభిస్తుంది. నాటులో మిగిలిన కూలీ కలుపులో ఖర్చవుతుంది. లేదా కలుపు మందులపై ఆధారం పెరుగుతుంది. ఏ వారంలో ఎంత పని, ఏ భంగిమలో, ఎవరికి అన్న పట్టిక లేనిదే రెండు పద్ధతులను న్యాయంగా పోల్చలేము.

ఇందుకు కావలసిన జ్ఞానం లేకపోలేదు. వ్యవసాయంలో ఎర్గోనామిక్స్, భద్రతలపై అఖిల భారత సమన్వయ పరిశోధన పథకం స్త్రీ, పురుష శ్రామికుల శరీర కొలతలను, శ్రమ భారాన్ని ఏళ్ళ తరబడి సేకరించింది. ఆ సమాచారం ఇంజనీరింగ్ విభాగాల నివేదికలలో ఉన్నది. సస్యశాస్త్ర ప్రయోగాల రూపకల్పనలోకి మాత్రం అది అరుదుగా ప్రవేశించింది.

కౌలు, కమతం, నేల

వయసు పైబడిన యజమాని ముందున్న మార్గాలు మూడు: పొలాన్ని బీడు పెట్టడం, శ్రమ తక్కువ పంటకు మారడం, కౌలుకు ఇవ్వడం. ప్రకాశం వంటి జిల్లాలలో జామాయిల్, సుబాబుల్ తోటల విస్తరణకు ధర, వర్షాభావంతో పాటు కూలీల కొరత కూడా ఒక కారణం. కౌలు విషయం ఇంకా జటిలం. ఆంధ్రప్రదేశ్ 2019లో పంట సాగుదారుల హక్కుల చట్టం తెచ్చి పదకొండు నెలల సాగు పత్రానికి వీలు కల్పించింది. కానీ యజమాని అంగీకార సంతకం అవసరం కావడంతో, హక్కు పోతుందన్న భయం వల్ల పలువురు సంతకానికి వెనుకాడారు. ఫలితంగా సాగుచేసే యువకునికి పంట రుణం, బీమా సులభంగా అందవు.

ఇది కేవలం న్యాయపరమైన సమస్య కాదు, నేల సమస్య కూడా. వచ్చే ఏడు ఇదే మడి తనకు దక్కుతుందో లేదో తెలియని కౌలుదారు పచ్చిరొట్ట వేయడు, చెరువు మట్టి తోలడు, చౌడు బాగుచేయడు. సేంద్రియ కర్బనం గురించి అతనికి ఎంత చెప్పినా వృథా. యజమాని వార్ధక్యం నేల సారంలో ప్రతిఫలించే మార్గమిది. మూడు నుండి అయిదేళ్ళ భద్రమైన కౌలు లేనిదే నేల ఆరోగ్య సిఫార్సులు కాగితాన్ని దాటవు.

విశ్వవిద్యాలయాలు చేయగలిగినది

జపానులో సేద్యమే ప్రధాన వృత్తిగా గలవారి సగటు వయసు 68కి చేరువైంది. చిన్న మడులకు సరిపడే నాటు యంత్రాలు, కోత యంత్రాలు అక్కడ దశాబ్దాల ముందే వచ్చాయి. అయినా వారసుల కొరత తీరలేదు. సంపన్న దేశానికే కష్టమైన ఈ దశను, తలసరి ఆదాయం అంతగా పెరగకముందే తెలుగు పల్లెలు ఎదుర్కోవలసి వస్తున్నది. పదవీ విరమణ లేని వృత్తి ఇది. 2019లో ఆరంభమైన ప్రధానమంత్రి కిసాన్ మాన్‌ధన్ పింఛను పథకంలో చేరడానికి వయోపరిమితి 18 నుండి 40 ఏళ్ళు. అప్పటికే నలభై దాటిన రైతు దాని పరిధిలోకి రాడు.

పింఛను, కౌలు చట్టం విశ్వవిద్యాలయాల చేతిలో లేవు. మూడు పనులు మాత్రం ఉన్నాయి. మొదటిది, ప్రతి కొత్త సిఫార్సుతో పాటు పనిదినాల సంఖ్యను, పని ఒత్తిడి గరిష్ఠంగా ఉండే వారాలను, ఎత్తవలసిన బరువును, పని భంగిమను ప్రచురించాలి. దిగుబడి అయిదు శాతం తగ్గినా శ్రమ సగానికి తగ్గే పద్ధతిని వైఫల్యంగా తోసిపుచ్చకుండా ప్రత్యామ్నాయంగా విడుదల చేయాలి. రెండవది, చిరుసంచుల ప్రయోగాలలోనూ, రైతు క్షేత్ర ప్రదర్శనలలోనూ అరవై దాటినవారిని, మహిళలను తప్పనిసరిగా చేర్చాలి. ఆదర్శ రైతుగా ఎప్పుడూ నలభై ఏళ్ళ పురుషుణ్ణే ఎంచుకునే అలవాటు మారాలి. శిక్షణ వేళలు, బోధన రీతి, కరపత్రంలోని అక్షరాల పరిమాణం సైతం ఇందులో భాగమే.

మూడవది విద్యార్థుల పని. జనగణన 2021లో జరగక 2027కు వాయిదా పడింది. సాగుదారుల వయసుపై ఊరివారీ తాజా లెక్కలు ఎవరివద్దా లేవు. గ్రామీణ వ్యవసాయ కార్యానుభవ కార్యక్రమం కింద చివరి సంవత్సరం విద్యార్థులు ఏటా పల్లెల్లో నివసిస్తూ ప్రాథమిక సర్వే ఎలాగూ చేస్తున్నారు. ఆ ప్రశ్నావళిలో రెండు గడులు చేర్చితే చాలు: ఈ పొలంలో ప్రతి పనినీ ఎవరు చేస్తున్నారు, వారి వయసెంత. అయిదేళ్ళపాటు ఇదే క్రమంలో సేకరిస్తే, పరిశోధన ప్రాధాన్యాలను నిర్ణయించే సమావేశాలకు ఊహల బదులు ఆధారాలు లభిస్తాయి.

ఖర్చు లేని పని ఇది. వచ్చే రావె బృందం పల్లెకు బయలుదేరకముందే ఆ రెండు గడులు ముద్రణకు వెళ్ళవచ్చు. సిఫార్సుల పుస్తకం తదుపరి ముద్రణలో 33 కుదుళ్ళ పక్కన, వాటిని నాటే మనిషికి కూడా ఒక వరుస దక్కవచ్చు.