అల్ ఖ్వారిజ్మీ లెక్కలో ఆడబిడ్డ వాటా

బీజగణితానికి ఆద్యుడు ముస్లిం పండితుడేనని మన సభలలో తరచు వింటుంటాం. గర్వించదగిన మాటే. అయితే ముహమ్మద్ ఇబ్న్ మూసా అల్ ఖ్వారిజ్మీ ఆ గ్రంథాన్ని ఎందుకు రచించాడో చెప్పే వక్తలు అరుదు.

ఖలీఫా మామూన్ కాలంలో (813–833) బాగ్దాదు బైతుల్ హిక్మాలో పనిచేసిన ఆయన, 'అల్ జబ్ర్ వల్ ముఖాబలా'ను వారసత్వం, పంపకాలు, వ్యాజ్యాలు, వర్తకం, భూమి కొలతల వంటి అవసరాల కోసం రాస్తున్నానని పీఠికలోనే పేర్కొన్నాడు. అందులో ఒక పెద్ద భాగం వీలునామాల, వారసత్వాల లెక్కలే. తెలియని రాశిని 'షై' అన్నాడు, అంటే వస్తువు. ఒక పక్క తీసివేతగా ఉన్నదాన్ని రెండు పక్కలా కలిపి పూరించడం జబ్ర్. విరిగిన ఎముకను సరిచేయడానికీ అరబ్బీలో అదే మాట. సమీకరణాలను ఆరు రకాలుగా విభజించి ప్రతిదానికీ సాధన చూపాడు. 1145లో రాబర్ట్ ఆఫ్ చెస్టర్ దానిని లాటినులోకి అనువదించాడు. 'ఆల్జీబ్రా' ఆ గ్రంథం పేరు నుంచి, 'అల్గారిథమ్' ఆయన పేరు నుంచి పుట్టినవే. (భారతీయ అంకెలపైనా ఆయన ఒక గ్రంథం రాశాడు కనుక ఈ ఘనతలో మన దేశానికీ పాలుంది.)

ఇక ఉద్దానానికి వద్దాం. నాలుగెకరాల కొబ్బరి, జీడి తోట గల వ్యక్తి భార్యను, ఇద్దరు కుమారులను, ఒక కుమార్తెను విడిచి మరణించాడనుకుందాం. తల్లిదండ్రులు లేరు, అప్పులు లేవు, వీలునామా లేదు. 400 సెంట్లలో భార్యకు ఎనిమిదో వంతు, అంటే 50. మిగిలిన 350లో కుమార్తె వాటా ఒక 'షై' అయితే ఒక్కో కుమారునిది రెండు. ఐదు షైలు 350, కనుక ఆమెకు 70 సెంట్లు. పదో తరగతి పిల్ల చేయగల లెక్క ఇది.

పలాస, టెక్కలి ప్రాంతాలలో నేను చూసిన పంపకాలలో ఆ 70 సెంట్లు కాగితం మీదికి వచ్చినవి బహు తక్కువ. పెళ్ళికి ఖర్చు పెట్టాం కదా అంటారు. ధర్మం వరుని చేత మహర్ ఇప్పించింది గాని, కట్నాన్ని వాటాకు బదులుగా ఎక్కడా చెప్పలేదు. వ్యవసాయ భూమికి షరియత్ వర్తించదనే వారూ ఉన్నారు. 1937 చట్టంలో ఆ మినహాయింపు ఉన్న మాట నిజమే. 1949లో మద్రాసు ప్రభుత్వం సవరణ చేసి దానిని తొలగించింది. అప్పుడు మనం మద్రాసులోనే ఉన్నాం. 2018లో తిత్లీ తుపాను తోటలను నేలకూల్చినప్పటి సంగతి గుర్తుచేసుకోండి. అడంగలులో పేరు లేని సోదరి ఏ ఆధారంతో పరిహారం అడగగలదు?

మసీదు కమిటీలు ఒక పని చేయవచ్చు. ఇంటి పెద్ద మరణించినప్పుడు ఇమాం గారి చేత వారసుల వాటాలను సెంట్లతో సహా రాయించి, ఆ కాగితాన్ని కుమార్తెల చేతికీ ఇవ్వాలి. మ్యుటేషన్ దరఖాస్తులో వారి పేర్లూ చేర్చాలి. వదులుకోదలచిన సోదరి ఆ తరువాత, తానెంత వదులుకుంటున్నదో తెలిసి, తన ఇష్టంతో వదులుకోవచ్చు.